కాలవ కట్టేశాక కూడా ఆరని గోడ: మా పాతిల్లు బాగుచేసిన తాపీ మేస్త్రి గారి పని గురించి

"కాలవ కట్టేసి ఎన్నాళ్ళయిందండీ?"

మా ఇంటికి వచ్చిన మేస్త్రి గారు అడిగిన మొదటి మాట ఇది. గోడ చూపిద్దామని నేను పడమటి గది తలుపు తీసి నిలబడ్డాను. ఆయన గుమ్మంలోనే ఆగి ఇది అడిగారు. పద్దెనిమిది రోజులైందని చెప్పాను. లోపలికి వచ్చి అరచెయ్యి గోడకి ఆనించి కాసేపు ఉంచారు. "ఇన్ని రోజులైనా ఇంత ఎత్తున తడి ఉందంటే ఇది భూమిలో నీరు కాదమ్మా. మీ ఇంటి నీరే" అన్నారు.

అంతకు ముందు పన్నెండేళ్ళలో ఆ గోడని ముగ్గురు బాగుచేశారు. ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు. కోనసీమలో పుట్టి పెరిగినవాళ్ళకి కాలవ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలితే నూతిలో మట్టం పైకి వస్తుంది, వేసవిలో కాలవ కట్టేస్తే దిగుతుంది. నుయ్యి చూసి మనం ఆ మాట అనుకుంటాం. గోడ చూసి నేనెప్పుడూ అనుకోలేదు.

మాది కొత్తపేట దగ్గర పల్లె. మావారి తాతగారు కట్టించిన మండువా లోగిలి, అంటే మధ్యలో ఆకాశం కనపడే వాకిలి, చుట్టూ లోపలికి వాలిన పెంకుల కప్పు ఉన్న ఇల్లు. నడిమి దూలం మీద "ధాత" అని చెక్కి ఉంటుంది, అంటే 1936. అరవయ్యేళ్ళ తర్వాత మళ్ళీ ధాత నామ సంవత్సరం వచ్చినప్పుడే, 1996 నవంబరు 6 రాత్రి, ఆ తుపాను వచ్చింది. అప్పటికి నేను కాపురానికి వచ్చి రెండేళ్ళు. రెండు కొబ్బరిచెట్లు ఈశాన్యం వైపు చూరు మీద పడ్డాయి, సగం పెంకులు పోయాయి. ఈ రెండు ధాతల కథా మా ఇంటి రిపేరులోకి వస్తుంది, అందుకే చెబుతున్నాను.

నేను రైస్ మిల్లులో ఇరవై ఏళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. ఆ అలవాటుతో ఇంటి పని మొత్తానికి ఒక నోటుపుస్తకం పెట్టాను. పని అవగానే బావుందని రాసేయడం నాకు ఇష్టం లేకపోయింది. రెండో వర్షాకాలం కూడా చూశాక రాస్తున్నాను.

ముందు ఆ గోడ మీద మేము ఇదివరకు పోసిన డబ్బు చెబుతాను. మొదటిసారి ఒక కాంట్రాక్టరు పాత సున్నం పూత చెక్కేసి సిమెంటు ప్లాస్టింగు చేశారు, 28,000. రెండేళ్ళకి పెచ్చులూడింది. తర్వాత ఇంకొకరు నాలుగడుగుల ఎత్తు టైల్స్ అంటించారు, 34,000. తడి టైల్స్ వెనకాల నుంచే పైకి ఎక్కి ఏడడుగుల దగ్గర తేలింది. మూడోసారి వాటర్‌ప్రూఫింగ్ మందు, దాని మీద ఖరీదైన రంగు, 41,000. రంగు బుడగలు బుడగలుగా లేచి, గిల్లితే లోపల తెల్లటి ఉప్పు పొడి రాలేది. మొత్తం 1,03,000. ఆ మూడోసారి వచ్చినాయన వెళ్తూ "ఈ ఇల్లు ఇంక ఆగదండీ, పడగొట్టి స్లాబ్ వేసుకోండి" అని 18 లక్షల అంచనా కూడా ఇచ్చారు. ఆ మాట విని మా అత్తయ్యగారు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆవిడకి ఎనభై నాలుగేళ్ళు. పదహారో ఏట ఆ గడప దాటి లోపలికి వచ్చారు.

మేస్త్రి గారు మొదటి రెండు రోజులు తాపీ బయటికి తియ్యలేదు. నిజం చెప్పాలంటే నాకు టెన్షన్ వచ్చింది, రోజుకూలి లెక్క కదా. నీళ్ళ గొట్టం పెట్టి ఇంటి చుట్టూ మట్టం పట్టారు. మా వీధి సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది వేసుకుంటూ పోయారు, ఇప్పుడది మా బేస్‌మట్టం కంటే ఐదంగుళాలే కింద ఉంది. అత్తయ్యగారు కాపురానికి వచ్చినప్పుడు వీధి అరుగుకి మూడు మెట్లు ఉండేవట, ఇప్పుడు కనిపించేది ఒక్కటి. పడమటి వైపు మేమే కాళ్ళకి బురద అంటకుండా చప్టా వేయించాం. మట్టం పడితే దాని వాలు ఇంటివైపుకి ఉంది. పడిన ప్రతి చుక్కా గోడ మొదట్లోకి చేరుతోంది.

ఇంకొకటి ఎవరికీ కనిపించనిది. ఆ గదికి ఆనుకుని స్నానాల గది ఉంది. ఒక బకెట్ నీళ్ళలో బట్టల నీలిమందు చిక్కగా కలిపి ఆ తూములో పోయించారు. గోడ పక్కన రెండడుగుల గొయ్యి తీయించి, నన్ను ఒక కుర్చీ వేసుకుని చూస్తూ ఉండమన్నారు. ముప్పావు గంటకి గొయ్యి పక్క నుంచి నీలం నీళ్ళు ఊరాయి. పైపు పగిలి ఎన్నేళ్ళయిందో! "ఆయ్, దొరికిందండి" అన్నారు మేస్త్రి గారు. ఆయన అంత సంతోషపడటం ఈ పని మొత్తంలో అప్పుడే చూశాను.

పైపు మార్చారు. చప్టా పగలగొట్టి, గోడ నుంచి రెండడుగుల మేర మట్టి తీసి, కంకర నింపి, వాలు బయటికి తిప్పారు. పెరట్లో గోడకి ఆనించి కొబ్బరి డొక్కల గుట్ట ఉండేది. చెదలకి అది పెళ్ళిభోజనమని చెప్పి పదడుగుల దూరం జరిపించారు. పెరటి గుమ్మం ద్వారబంధం కింద ఎనిమిదంగుళాలు అప్పటికే చెదలు తినేశాయి. ఉలి పెడితే అప్పడంలా విరిగింది. చెదల మందు వేరేవాళ్ళు వచ్చి కొట్టారు.

ఇక గోడ. టైల్స్, సిమెంటు మొత్తం ఊడగొట్టించారు, తడి గీత కంటే ఒక అడుగు పైదాకా. ఇటుకల మధ్య సందుల్లో ఉప్పు తిన్న పాత సున్నం అంగుళం లోతు గోకించారు. తర్వాత ఏమీ చెయ్యలేదు. ఐదు వారాలు గోడని అలా ఎర్రగా వదిలేశారు. రోజూ పొడి బ్రష్‌తో ఉప్పు దులిపి, దాన్ని చేటలోకి ఎత్తి బయట పారేయడం ఒక్కటే పని. నీళ్ళతో కడగనివ్వలేదు. కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ ఇటుకలోకే పోతుందట.

సిమెంటు ఎందుకు నిలవలేదో ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో చెబుతాను. మా ఇటుక చేత్తో కోసి కాల్చిన పాత ఇటుక, మెత్తన. అది తడి పీలుస్తుంది, వదులుతుంది. సున్నం పూత ఆ తడిని బయటికి పోనిస్తుంది. సిమెంటు పోనివ్వదు. దారి మూసేస్తే తడి పైకి ఎక్కుతుంది, దానితో వచ్చిన ఉప్పు పూత వెనక గడ్డకట్టి, ఉబ్బి, పూతని తోసేస్తుంది. మేము మూడుసార్లు డబ్బిచ్చి చేయించుకున్నది ఆ దారి మూయడమే.

సున్నం పని చూడటం నాకు ఒక పండగలా అనిపించింది. పెరట్లో గొయ్యి తీసి, కాల్చిన సున్నపురాయి వేసి నీళ్ళు పోశారు. కుతకుతా ఉడికింది. ఆ రోజు పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వలేదు, పనివాళ్ళందరికీ కళ్ళద్దాలు పెట్టించారు. చిందితే కళ్ళు పోతాయి. మూడు వారాలు నీళ్ళ కింద నానితే వెన్నలా అయింది. ఆ సున్నం ఒక పాలు, కడిగిన గోదావరి ఇసుక మూడు పాళ్ళు, కింది పూతలో కొంచెం ఇటుక పొడి. ఇసుక తెచ్చిన ట్రాక్టరు వాడితో ఆయనకి పెద్ద గొడవే అయింది. గుప్పెడు ఇసుక నీళ్ళ గ్లాసులో వేసి కలిపి, తేరుకున్నాక పైన బురద ఎంత నిలిచిందో చూపించి, లోడు వెనక్కి పంపేశారు. అత్తయ్యగారు మంచం మీద నుంచే "ఏవయ్యా మేస్త్రీ, కరక్కాయ, బెల్లం వెయ్యవా?" అని అడిగారు. "వేస్తానండి, మీరు అడక్కపోయినా వేద్దును" అన్నారు. కరక్కాయ నీళ్ళు నానబెట్టిన వాసన వారం రోజులు ఇల్లంతా ఉంది. ఆవిడ చిన్నప్పుడు గానుగ సున్నం తిప్పే ఎద్దుల వెనక తిరిగిన కథలు ఆ వారమే మొదటిసారి విన్నాను.

సున్నం సిమెంటులా ఒక్కరోజులో గట్టిపడదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటూ నిదానంగా మళ్ళీ రాయవుతుంది. అందుకే పలచటి పూతలు, పూతకీ పూతకీ మధ్య రోజులు, తొందరగా ఎండకుండా తడి గోనెసంచులు. రెండు పూతలు జులైలో అయ్యాయి. మూడోది ఆయన వెయ్యలేదు. "వర్షాకాలం పోనివ్వండి, గోడ ఏం చెబుతుందో చూసి సంక్రాంతి అయ్యాక వేస్తా" అన్నారు. ఆరు నెలలు ఆ గది గరుకు గోడతోనే ఉంది. చుట్టాలు వచ్చి వింతగా చూశారు. నాకూ కొంత కష్టంగానే ఉండేది. కానీ చెప్పినట్టే సంక్రాంతి వెళ్ళిన వారానికి వచ్చి వేశారు, మీద వెల్ల వేశారు. ప్లాస్టిక్ రంగు మాత్రం ఎప్పటికీ వెయ్యొద్దని మావారి చేత మాట తీసుకున్నారు.

దూలం పని మేస్త్రి గారి జట్టులోని వడ్రంగి గారిది. మండువా దక్షిణం వైపు దూలం గోడలోకి వెళ్ళే చోట పుచ్చింది. పైకి రంగు నిగనిగలాడుతూ ఉంది. ఆయన సుత్తితో తట్టుకుంటూ వెళ్ళి, శబ్దం మారిన చోట ఉలి గుచ్చితే పిడిదాకా దిగింది. టేకు దూలం, చేవ ఉన్న కర్ర. మిగతా పొడవంతా ఉక్కులా ఉంది, పోయింది అడుగున్నరే. ఆ కొన చుట్టూ ఎవరో ఎప్పుడో సిమెంటు కూరారు, చెమ్మ లోపలే ఉండిపోయి కుళ్ళింది. దాని కోసం కప్పంతా దించాలన్నవాళ్ళు ఉన్నారు.

వీళ్ళు దించలేదు. సరుగుడు కర్రలు దూలానికి ఆసరాగా నిలబెట్టి, వాటి కింద రెండు లారీ జాకీలు పెట్టి, రోజుకి ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) చొప్పున నాలుగు రోజుల్లో అర అంగుళం లేపారు. ఒకేసారి లేపితే గోడ పగులుతుందని, పెంకులు కదులుతాయని. ప్రతి సాయంత్రం గోడ మీద అంటించిన కాగితం ముక్కలు చిరిగాయేమో చూసుకునేవారు. ఒక్కటీ చిరగలేదు. పుచ్చిన ముక్క కోసేసి, పాత టేకు ముక్కనే ఏటవాలుగా అతికి, ఇనప పట్టీలు వేసి బోల్టులు బిగించారు. గోడలో దాని కింద రాతిపలక పరిచి, చుట్టూ గాలి ఆడేలా వేలెడు సందు వదిలారు. అతుకు ఎక్కడో నేను చూపిస్తే తప్ప ఎవరికీ కనపడటం లేదు. ఇంత నెమ్మదిగా, ఇంత జాగ్రత్తగా మా ఇంటిని ముట్టుకున్నవాళ్ళని నేను చూడలేదు. ఆ నాలుగు రోజులు మిల్లుకి సెలవు పెట్టి మరీ కూర్చున్నాను.

పెంకుల దగ్గర కొంచెం ఇబ్బంది పడ్డాం. తుపాను తర్వాత హడావుడిగా వేయించిన రీపర్ల (పెంకులు కూర్చునే చెక్క బద్దల) మధ్య దూరం ఎక్కువైంది, పెంకు మీద పెంకు ఎక్కడం తగ్గి గాలివానకి జల్లు లోపలికి వస్తోంది. ఇరవై ఎనిమిదేళ్ళు మేము పగిలిన పెంకులు మార్చుకుంటూ వచ్చాం, రీపర్ల సంగతి ఎవరూ చూడలేదు. ఆ వైపు మొత్తం విప్పి సరిచేశారు. మనం బెంగుళూరు పెంకు అంటాం గానీ ఆ రకం మొదలైంది మంగుళూరులో, 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీల ఫ్యాక్టరీతో. ఒక్కో ఫ్యాక్టరీ పెంకు కొలత ఒక్కోలా ఉంటుంది, మా పాతవాటికి కొత్తవి కూర్చోలేదు. పాలకొల్లు వైపు పడగొట్టిన ఒక ఇంటి నుంచి 300 తెచ్చారు. ఒక్కొక్కటీ వేలి గణుపుతో కొట్టి, ఖంగుమన్నవే తీసుకున్నారు.

తప్పు జరిగింది కూడా ఇక్కడే. మండువా మూలల్లో రెండు వాలులు కలిసేచోట జింకు రేకు మార్చారు. జూన్‌లో మొదటి పెద్దవానకి నైరుతి మూల ధార కట్టింది. బియ్యం డబ్బా తడిసింది. మేస్త్రి గారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు, మనిషిని పంపితే నాలుగో రోజుకి వచ్చారు. రేకు మీద రేకు ఎక్కించేటప్పుడు కింది రేకు పైకి వచ్చింది, కుర్రాడు చేశాడు, చూసుకోవాల్సింది నేనేనని అందరి ముందూ చెప్పి, విప్పి మళ్ళీ వేశారు. దానికి కూలి తీసుకోలేదు. ఆ నాలుగు రోజులు పడ్డ అవస్థ మాత్రం నేను మర్చిపోలేదు, ఆయనకే చెప్పాను.

వైరింగు వేరే ఎలక్ట్రీషియన్ చేశారు, ఆయన్ని పిలవమని పట్టుబట్టింది మాత్రం మేస్త్రి గారే. వానాకాలంలో స్విచ్చి ముట్టుకుంటే జిల్లుమంటోందని అత్తయ్యగారు అంటే మేము పెద్దగా పట్టించుకోలేదు. చెక్క బద్దీ మీది పాత రబ్బరు వైరు విప్పితే తొడుగు పొడిగా రాలింది, ఎర్తింగు అసలు లేదు. పెరట్లో కొబ్బరిచెట్టు పాదు దగ్గర, ఎప్పుడూ తడి ఉండేచోట, బొగ్గు ఉప్పు వేసి ఎర్తు దించారు. 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే కరెంటు ఆపేసే బ్రేకరు పెట్టారు. గోడలు కొట్టకుండా దూలాల వెంట పైపైనే వైర్లు తీసుకెళ్ళారు. పాతిల్లు ఉన్నవాళ్ళు గోడ సంగతి వచ్చే ఏడు చూసుకున్నా ఇది మాత్రం ఈ నెలలోనే చేయించండి.

డబ్బు. కూలి 1,58,000. సున్నం, ఇసుక, పెంకులు, కర్ర, పైపులు అన్నీ కలిపి 61,000. వైరింగు 38,000. చెదల మందు 9,500. మొత్తం 2,66,500. మొదట నోటిమాటగా చెప్పింది రెండు లక్షలు దాటకపోవచ్చని. దాటింది. 45 రోజులన్నది జులై ఆఖరుకి 76 రోజులైంది, జనవరి పని కాక. మధ్యలో పెళ్ళిళ్ళకని ఒకసారి, నాట్లకి పనివాళ్ళు పోయి ఒకసారి పని ఆగింది. కాంట్రాక్టుకి మేస్త్రి గారు ఒప్పుకోరు. గోడ విప్పకుండా ఎంతవుతుందో చెబితే అది అబద్ధం అవుతుందంటారు. నాకు ఆ మాట సరైనదే అనిపించింది, కానీ అప్పు తెచ్చి చేయించుకునేవాళ్ళకి ఇది ఇబ్బందే. చేతిలో అంచనాకి మూడో వంతు ఎక్కువ పెట్టుకుని దిగండి. పెరటి తలుపు ఇప్పటికీ కింద కాస్త గీసుకుంటోంది, అడిగితే చలికాలంలో చూద్దామన్నారు.

ఆయనకి బోర్డు లేదు, కార్డు లేదు. వేసవికి రెండిళ్ళే ఒప్పుకుంటారు, తన నంబరు ఎవరికీ ఇవ్వొద్దన్నారు, కాబట్టి పేరు రాయడం లేదు. నిజంగా పాతిల్లు నిలబెట్టుకోవాలనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే మీ తరఫున నేనే అడుగుతాను. అద్దెకిచ్చే ఇంటికి పైపైన మెరుగులు కావాలంటే ఆయన రారు, నేనూ అడగను. అడిగేటప్పుడు ఇంటి చుట్టూ నీళ్ళు ఎటు పోతున్నాయో, నూతిలో మట్టం ఎంతుందో చూసి పెట్టుకోండి. మొదట అడిగేది అవే. కాలవ కట్టేసిన రెండు వారాల తర్వాత ఏదో ఒక రోజు చెప్పండి, అంతకు ముందు వచ్చి చూడరు.

నిన్న సాయంత్రం వాన వెలిశాక పడమటి గదిలోకి వెళ్ళి అరచెయ్యి గోడకి ఆనించాను. పొడిగా ఉంది. ఉత్తరం కొసన అరచేతంత మేర మాత్రం కొద్దిగా తెల్లపొడి కనపడుతోంది. పొడి బ్రష్‌తో దులిపి, నోటుపుస్తకంలో తేదీ వేసి రాశాను. అత్తయ్యగారి మంచం మళ్ళీ ఆ గదిలోకే మార్చాం.